కొడుకు సిటిజన్, అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డు: హనుమకొండ కుటుంబం ఫైలు ఎక్కడ ఆగింది, ఎలా కదిలింది

కుటుంబం హనుమకొండలో ఉంటుంది. తండ్రికి 68 ఏళ్లు. సింగరేణిలో అండర్‌గ్రౌండ్ కార్మికుడిగా మొదలై భూపాలపల్లిలో రిటైరయ్యారు. తల్లి బడికి పోలేదు. కొడుకు 1984లో పరకాల పక్క ఊళ్లో ఇంట్లోనే పుట్టాడు, పురుడు పోసింది మంత్రసాని. ఎమ్మెస్‌కు పోయి, హెచ్-1బీ మీద ఉద్యోగం చేసి, గ్రీన్‌కార్డు వచ్చిన ఐదేళ్లకు 2023లో అమెరికా పౌరుడయ్యాడు. చెల్లెలికి 26 ఏళ్లు, సంబంధాలు చూస్తున్నారు. మనుషులను గుర్తుపట్టే వివరాలు మార్చాం. చట్టం, ఫారాలు, చిక్కులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాం.

ఇలాంటి ఇమిగ్రేషన్ ఫైళ్లు చూసే మా దగ్గరికి ఇది వచ్చేసరికే కొడుకు అమ్మానాన్నల కోసం ఆన్‌లైన్‌లో పిటిషన్లు వేసేశాడు. రెండింటికీ ఆర్‌ఎఫ్‌ఈలు, అంటే అదనపు ఆధారాలు అడిగే నోటీసులు వచ్చాయి. సంబంధం మీద ఎవరికీ అనుమానం లేదు. కాగితాలే ఆ సంబంధాన్ని చూపలేకపోయాయి. మన వైపు వచ్చే ఫైళ్లలో ఎక్కువ ఇబ్బంది ఇక్కడే, అందుకే దీన్ని కొంచెం విడమరిచి చెబుతున్నాం.

ముందు చట్టం సంగతి

21 ఏళ్లు నిండిన అమెరికా పౌరుడు తల్లిదండ్రుల కోసం ఐ-130 (దగ్గరి బంధువు కోసం వేసే ఫారం) పిటిషన్ వేయవచ్చు. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవాళ్లకు ఈ వీలు లేదు. తల్లిదండ్రులు ‘ఇమీడియట్ రెలెటివ్’ కోవలోకి వస్తారు కాబట్టి ఏటా ఇన్నే వీసాలన్న పరిమితి లేదు, వీసా బులెటిన్‌లో (ఎవరి వంతు ఎప్పుడో చెప్పే నెలవారీ పట్టికలో) తేదీ కోసం ఎదురుచూడాల్సిన పనీ లేదు. వీసా రకం పేరు ఐఆర్-5.

భార్యాభర్తలైనా ఇద్దరికీ కలిపి ఒక ఫారం సరిపోదు. తల్లికొకటి, తండ్రికొకటి వేయాలి. 2024 ఏప్రిల్ నుంచి ఫీజు ఒక్కోదానికి ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీద 675. ఫీజులు మారుతుంటాయి, దాఖలు చేసే రోజు యూఎస్‌సీఐఎస్ (ఈ పిటిషన్లు చూసే అమెరికా ఇమిగ్రేషన్ సంస్థ) పేజీలో చూసుకున్నదే లెక్క. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: ఐఆర్-5లో వెంట వచ్చేవాళ్లకు చోటు లేదు. అమ్మానాన్నల ఫైల్లో పెళ్లికాని చెల్లెలిని కలపలేం. ఆమె సంగతి చివర్లో.

తల్లి పిటిషన్‌కు, తండ్రి పిటిషన్‌కు అడిగే ఆధారాలు ఒకటి కావు. తల్లికైతే కొడుకు బర్త్ సర్టిఫికెట్ మీద కొడుకు పేరు, తల్లి పేరు ఉండాలి. తండ్రికైతే ఇద్దరి పేర్లున్న బర్త్ సర్టిఫికెట్‌తో పాటు తల్లిదండ్రుల పెళ్లి రుజువు కూడా కావాలి. మన కొడుకు రెండు పిటిషన్లకూ ఒకే కాగితాల కట్ట పెట్టాడు: నేచురలైజేషన్ (పౌరసత్వం వచ్చినప్పటి) సర్టిఫికెట్, కొత్తగా తెచ్చిన బర్త్ సర్టిఫికెట్, తల్లిదండ్రుల పాస్‌పోర్టులు, ఒక పెళ్లి ఫోటో.

నెల కిందటి బర్త్ సర్టిఫికెట్

జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది, అమల్లోకి వచ్చింది 1970 ఏప్రిల్ 1 నుంచి. చట్టం ఉన్నా, 1984లో ఊళ్లో ఇంటి పురుళ్లు చాలావరకు పంచాయతీ రిజిస్టర్‌కు ఎక్కలేదు. ఇలాంటివాళ్లు ఇప్పుడు ఆలస్యంగా నమోదు చేయించుకోవచ్చు. ఏడాది దాటిన జననాలకు గతంలో మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాల్సి వచ్చేది. 2023 సవరణ తర్వాత ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్, లేదా అధికారం పొందిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ చేతికి వచ్చింది. ఆచరణలో దారి ఇదీ: పంచాయతీ కార్యదర్శి దగ్గర ‘రిజిస్టర్‌లో నమోదు లేదు’ అన్న పత్రం తీసుకోవడం, మీసేవలో దరఖాస్తు, తహసీల్దార్ విచారణ, ఆర్డీవో ప్రొసీడింగ్స్, ఆ తర్వాత సర్టిఫికెట్.

కొడుకు ఇదంతా చేయించాడు. సర్టిఫికెట్ చెల్లుతుంది, అందులో తప్పేం లేదు. కానీ నమోదు తేదీ చూస్తే పిటిషన్ వేయడానికి నెల ముందు. పుట్టిన నలభై ఏళ్లకు, సరిగ్గా పిటిషన్‌కు ముందు పుట్టిన కాగితాన్ని యూఎస్‌సీఐఎస్ ఒంటరిగా నమ్మదు. దానికి దన్నుగా పాత కాగితాలు అడుగుతుంది. కొడుకు ఆ పాత కాగితాలేవీ పెట్టలేదు. మీసేవ పత్రం వచ్చిందిగా, ఇక అవెందుకు అనుకున్నాడు.

పైగా ఆ సర్టిఫికెట్‌లో ‘హనుమకొండ జిల్లా, తెలంగాణ’ అని ఉంది. పాస్‌పోర్టులో, ఎస్సెస్సీ మెమోలో, అతని పాత ఐ-485 (గ్రీన్‌కార్డు దరఖాస్తు) ఫైల్లో వరంగల్ జిల్లా, ఆంధ్రప్రదేశ్. అమెరికా అధికారికి ఇవి రెండు రాష్ట్రాల్లోని రెండు ఊళ్లు. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడటం, 2016 అక్టోబరు 11న జిల్లాల విభజన, 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండగా మారి పరకాల అందులో కలవడం, ఇవన్నీ ఒక పేజీలో వరుసగా రాసి జతచేశాం. ఎవరూ అడగకముందే పెట్టాల్సిన పేజీ అది. ఉమ్మడి వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాల్లో పుట్టిన ప్రతి ఒక్కరి ఫైల్లో ఉండాలి.

దన్నుగా నిలిచినవి పాత కాగితాలే. 1999 ఎస్సెస్సీ మెమోలో పుట్టిన తేదీ, తండ్రి పేరు ఉన్నాయి, తల్లి పేరు లేదు. అంటే తండ్రి పిటిషన్‌కు గట్టి ఆధారం, తల్లి పిటిషన్‌కు సగం ఆధారం. ప్రాథమిక పాఠశాల అడ్మిషన్ రిజిస్టర్ నకలు తీయించాం. తల్లి పేరు ఎక్కడుందని వెతికితే దొరికింది సింగరేణి కాగితాల్లో: కంపెనీ ఆసుపత్రి మెడికల్ కార్డులో భార్య, కొడుకు, వయసులు, పీఎఫ్ నామినేషన్‌లో భార్య పేరు. పాత రేషన్ కార్డులో కుటుంబమంతా ఉంది. ఉద్యోగి రిటైరయ్యాక ఇలాంటివి అటక మీద సూట్‌కేసులో పడి ఉంటాయి. కొత్త సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే ముందు ఆ సూట్‌కేసు దించాలి. పిటిషన్ ఆలోచన పుట్టకముందే తయారైన కాగితానికి ఉండే విలువ వేరు.

అఫిడవిట్లు: ఒకే అచ్చులో రెండు పెట్టొద్దు

నిబంధన వరుస ఇలా ఉంటుంది. అసలు పత్రం లేదా అందుబాటులో లేకపోతే, లేదని ఆ ఆఫీసు నుంచే రాతపూర్వకంగా చూపాలి. అప్పుడు ఇతర రికార్డులు పెట్టాలి. అవీ లేకపోతే, పిటిషన్‌తో సంబంధం లేని ఇద్దరు, స్వయంగా తెలిసినవాళ్లు అఫిడవిట్ ఇవ్వాలి. తొలి మెట్లు వదిలి నేరుగా అఫిడవిట్‌కు దూకిన ఫైళ్లే ఎక్కువగా వెనక్కి వస్తాయి.

గ్రీన్‌కార్డు దరఖాస్తు నాడు కొడుకు పెట్టిన రెండు అఫిడవిట్లూ కోర్టు పక్క టైపింగ్ షాపులో ఒకే ఫార్మాట్‌లో తీసినవి. మారింది పేర్లే. ఒక సాక్షి 1979లో పుట్టినవాడు, అంటే ఐదేళ్ల వయసులో చూసిన పురుడు గురించి ప్రమాణం చేశాడు. ఈసారి తల్లి అన్నయ్యను, పాత ఇంటి పక్కన ఉండే పెద్దావిడను తీసుకున్నాం. ఇద్దరూ పురుడు నాటికి పెద్దవాళ్లే. ఒక్కొక్కరి పేరు, చిరునామా, పుట్టిన తేదీ, ఊరు, కుటుంబంతో చుట్టరికం, ఆ రోజు వాళ్లు ఎక్కడున్నారు, ఏం చూశారు అన్నవి వాళ్ల మాటల్లోనే తెలుగులో రాయించి, నోటరీ చేయించి, ఇంగ్లిష్ అనువాదం జతచేశాం. అనువాదానికి నోటరీ అక్కర్లేదు. అది పూర్తిగా, సరిగ్గా ఉందని, ఆ భాష నుంచి ఇంగ్లిష్‌లోకి అనువదించే సామర్థ్యం తనకుందని అనువాదకుడు సంతకంతో ధ్రువీకరిస్తే చాలు.

డీఎన్ఏ పరీక్ష చేయించేద్దామా అని కుటుంబం అడిగింది. ఊళ్లో ల్యాబ్‌లో సొంతంగా చేయిస్తే డబ్బు వృథా. ఏఏబీబీ గుర్తింపు ఉన్న అమెరికా ల్యాబ్‌ను కొడుకు ఎంచుకోవాలి, తల్లి శాంపిల్ కాన్సులేట్ ఏర్పాటు మీదే తీయాలి. కాగితాలు సరిపోనప్పుడు యూఎస్‌సీఐఎస్సే ఆ దారి సూచిస్తుంది. ఈ ఫైల్లో దాని అవసరం పడలేదు.

పేరులో తేడా

తల్లి పేరు పాత అఫిడవిట్లలో ‘అవ్వ’తో ముగిసింది, పాస్‌పోర్టులో ‘అమ్మ’తో. పట్టాదారు పాస్‌బుక్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటిది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. ఖాళీ ఉంటే అమెరికా వీసాలో ఉన్న ఒక్క పేరే సర్‌నేమ్ గడిలోకి పోయి, అసలు పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. గ్రీన్‌కార్డు, సోషల్ సెక్యూరిటీ కార్డు, బ్యాంకు ఖాతా, అన్నిటికీ అదే పేరు అతుక్కుంటుంది.

అన్ని కాగితాల్లో పేరు ఒకేలా మార్పించేస్తాం అని కుటుంబం అంది. వద్దన్నాం. పిటిషన్ నడుస్తుండగా పదేళ్ల నాటి కాగితాలన్నీ ఒక్కసారిగా మారితే అనుమానం పెరుగుతుందే తప్ప తగ్గదు. మార్చింది పాస్‌పోర్టు ఒక్కటే: సర్‌నేమ్ చేర్పించి రీఇష్యూ చేయించాం. మిగతా రూపాలన్నీ ‘వాడిన ఇతర పేర్లు’ గడిలో ఉన్నవి ఉన్నట్టు రాసి, ఈ పేర్లన్నీ ఒకరివేనని తల్లి ప్రమాణపత్రం పెట్టాం. తేడాను దాచడం కంటే వివరించడమే ఎప్పుడూ సురక్షితం. ఒక జాగ్రత్త: పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్టు నంబరు మీద వస్తుంది కాబట్టి రీఇష్యూ ముందు, పీసీసీ తర్వాత.

పెళ్లి సర్టిఫికెట్ ఎందుకు రాలేదు

పెళ్లి 1981 మే నెలలో ఊళ్లో జరిగింది. పాత పెళ్లిళ్లను కూడా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో హిందూ వివాహ చట్టం కింద నమోదు చేయించుకోవచ్చు. ఇక్కడ అడ్డుపడింది తల్లి పుట్టిన తేదీ. వయసు కాగితం లేనివాళ్లకు అంచనా సంవత్సరం వేసి జనవరి 1 అని రాసేవాళ్లు. ఆమెకు 01-01-1964 పడింది, పాస్‌పోర్టుకూ అదే ఎక్కింది. ఆ లెక్కన పెళ్లినాటికి 17. ఆడపిల్ల పెళ్లి వయసు 1978 సవరణతోనే 18 అయింది. సబ్ రిజిస్ట్రార్ నమోదు చేయనన్నారు.

ఇంట్లో వెంటనే వచ్చిన ఆలోచన: పెళ్లి 1982లో అయిందని రాయిస్తే సరిపోతుంది కదా. ఇది ఫైలును కాదు, మనుషులను ముంచే పని. కొడుకు పాత దరఖాస్తుల్లో, కంపెనీ రికార్డుల్లో 1981 అని ఉంది. ముఖ్యమైన విషయంలో తెలిసి అబద్ధం చెప్పినట్టు తేలితే తల్లికి జీవితాంతం ప్రవేశ నిషేధం పడవచ్చు. నిజానికి అబద్ధం అవసరమే లేదు. వధువుకు 18 నిండలేదన్న ఒక్క కారణంతో హిందూ వివాహ చట్టం కింద పెళ్లి చెల్లకుండా పోదు, పెళ్లి జరిగిన చోట చెల్లితే అమెరికా ఇమిగ్రేషన్‌కూ మామూలుగా చెల్లుతుంది.

కాబట్టి సర్టిఫికెట్ లేకుండానే వెళ్లాం. నమోదు లేదన్న లేఖ, పెళ్లి చూసిన ఇద్దరి అఫిడవిట్లు, పీఎఫ్ నామినేషన్, మెడికల్ కార్డు, రేషన్ కార్డు, పెళ్లి ఫోటో పెట్టాం. దీనికి తోడు రెండో ఆధారం కూడా నిలబెట్టాం. పెళ్లి రుజువు బలహీనంగా ఉన్నా, కొడుకుకు 21 ఏళ్లు రాకముందే తండ్రితో నిజమైన తండ్రీకొడుకుల అనుబంధం ఉందని చూపితే తండ్రి పిటిషన్ నిలుస్తుంది. ఒకే ఇంట్లో ఉన్నారనడానికి రేషన్ కార్డు, పోషించాడనడానికి కంపెనీ మెడికల్ కార్డు, ఫీజు రసీదులు, ఎస్సెస్సీ మెమో పనికొచ్చాయి.

ఆర్‌ఎఫ్‌ఈకి ఇచ్చే గడువు 84 రోజులకు మించదు, పొడిగింపు ఉండదు. జవాబు ఒక్కసారే. సగం పంపి ‘మిగతాది తర్వాత’ అంటే, పంపిన సగం మీదే తీర్పు వస్తుంది. రెండు జవాబులూ వేర్వేరు కట్టలుగా, ముందు విషయసూచికతో, ఆర్‌ఎఫ్‌ఈ అసలు కాగితం పైన పెట్టి పంపించాం. రెండూ ఆమోదం పొందాయి.

ఎన్‌వీసీ, ఆదాయం, మెడికల్

ఆమోదం తర్వాత ఫైలు నేషనల్ వీసా సెంటర్‌కు పోతుంది. కేసు నంబరు బీఎంబీతో మొదలైతే ముంబయి అని అర్థం. తెలంగాణ వాళ్లకు ఇమిగ్రెంట్ ఇంటర్వ్యూ మామూలుగా హైదరాబాద్ కాన్సులేట్‌లో కాదు, ముంబయిలో. డీఎస్-260 (ఇమిగ్రెంట్ వీసా దరఖాస్తు) ఫీజు మనిషికి 325 డాలర్లు, ఆర్థిక పూచీ పత్రం పరిశీలనకు 120.

ఆ పూచీ పత్రమే ఐ-864. పూచీ ఇచ్చే కొడుకు ఆదాయం అమెరికా పేదరిక రేఖకు కనీసం 125 శాతం ఉండాలి. ఇంటి సంఖ్య లెక్కలో పొరపాట్లు జరుగుతాయి: కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు, తల్లి, తండ్రి, మొత్తం ఆరుగురు. 2025 లెక్కల్లో ఆరుగురికి సుమారు 53,900 డాలర్లు. సాఫ్ట్‌వేర్ జీతానికి ఇది సమస్య కాదు, కానీ పూచీ ఎన్నాళ్లో తెలిసి సంతకం చేయాలి. తల్లిదండ్రులు పౌరులయ్యేవరకు, లేదా 40 క్వార్టర్ల (సుమారు పదేళ్ల) పని లెక్కలోకి వచ్చేవరకు, లేదా చనిపోయేవరకు, లేదా గ్రీన్‌కార్డు వదిలి దేశం విడిచేవరకు అది వదలదు.

మెడికల్ దగ్గర తండ్రి ఫైలు ఆగింది. కాన్సులేట్ జాబితాలోని ప్యానెల్ డాక్టరే పరీక్ష చేయాలి, పెద్దవాళ్లకు ఛాతీ ఎక్స్‌రే తప్పదు. గనిలో దుమ్ము పీల్చిన ఊపిరితిత్తుల్లో పాత మచ్చ కనిపించింది. అలాంటప్పుడు టీబీ లేదని తేల్చడానికి వరుసగా మూడు రోజులు కళ్లె శాంపిల్ ఇవ్వాలి, కల్చర్ ఫలితానికి ఎనిమిది వారాలు. దీన్ని తొందరపెట్టే దారి లేదు. సింగరేణి కార్మికులు, బీడీ కార్మికులు, క్వారీల్లో పనిచేసినవాళ్లు పాత ఎక్స్‌రేలు, పాత చికిత్స కాగితాలు వెంట తీసుకుపోవాలి. ఇంటర్వ్యూ తేదీ రాగానే మెడికల్‌కు పోవాలి, చివరి వారం దాకా ఆగొద్దు. విమానం టికెట్ వీసా చేతికి వచ్చాకే. మెడికల్ చెల్లే గడువును బట్టే వీసా గడువు, మామూలుగా ఆరు నెలల లోపే. తల్లి వీసా ముందే వచ్చినా, ఆ గడువు చూసుకొనే ఇద్దరూ కలిసి వెళ్లేలా ఏర్పాటు చేశారు.

అసలు గ్రీన్‌కార్డు కావాలా

ఈ ప్రశ్న ఫారం నింపకముందు అడగాలి, అమ్మానాన్నలనే అడగాలి. కొడుకును అడిగితే ఎప్పుడూ ‘కావాలి’ అనే వస్తుంది. ఇద్దరికీ పదేళ్ల విజిటర్ వీసా ఉంది. తండ్రి మనసంతా మూడెకరాల పత్తి చేను మీద, ఊళ్లో అన్నదమ్ముల మీద. ఏడాదికి నాలుగు నెలలు మనవల దగ్గర ఉండి రావడమే కోరిక అయితే విజిటర్ వీసానే సరిపోతుంది. గ్రీన్‌కార్డు అంటే అక్కడే కాపురమని చట్టం అనుకుంటుంది. 180 రోజులు దాటి బయట ఉంటే తిరిగొచ్చేటప్పుడు ప్రశ్నలు, ఏడాది దాటితే కార్డు ఒక్కటే చాలదు. ముందే అమెరికాలో ఉండగా ఐ-131 వేసి రీఎంట్రీ పర్మిట్ తీసుకుంటే రెండేళ్ల దాకా వీలుంటుంది. పిటిషన్ వేశాక మళ్లీ విజిటర్ వీసా మీద వెళ్లడం కష్టమవుతుంది. అక్కడే ఉండిపోయే ఉద్దేశంతో విజిటర్‌గా దిగి గ్రీన్‌కార్డుకు మారే సలహా మేం ఎవరికీ ఇవ్వం.

తల్లి మాత్రం గట్టిగా వెళ్తానంది, ఆమెను వదిలి ఉండనని తండ్రీ అన్నారు. అప్పుడు చెప్పాల్సినవి చెప్పాం. 65 దాటినా మెడికేర్‌లో (పెద్ద వయసువాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమాలో) చేరడానికి అమెరికాలో ఐదేళ్ల నిరంతర నివాసం కావాలి, అంతవరకు ప్రైవేటు ఇన్సూరెన్స్ ఖర్చు కొడుకుదే. సింగరేణి పింఛను, ఇక్కడి ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ అమెరికా పన్ను రిటర్న్‌లో చూపాలి, ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (అమెరికా బయటి ఖాతాల నివేదిక) వేయాలి. భూమి పోతుందన్న భయం అక్కర్లేదు: ఇక్కడ ఉన్నప్పుడు సంపాదించిన ఆస్తిని విదేశాల్లో ఉంటూ కూడా ఉంచుకోవచ్చని ఫెమా (విదేశీ మారకద్రవ్య నిర్వహణ) చట్టం 6(5) చెబుతుంది. కొత్తగా సాగు భూమి కొనడం కుదరదు. కొడుకు ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత మూలాల వాళ్లకిచ్చే) కార్డుదారుడు కాబట్టి అతనూ కొనలేడు, వారసత్వంగా పొందగలడు.

సిటిజన్‌షిప్‌కు ఐదేళ్లు, అందులో 30 నెలలు అక్కడ శారీరకంగా ఉండాలి, ఇంగ్లిష్, సివిక్స్ పరీక్ష రాయాలి. పెద్ద వయసువాళ్లకు ఇంగ్లిష్ మినహాయింపులు ఉన్నా, అవి 15 లేదా 20 ఏళ్ల గ్రీన్‌కార్డు తర్వాతే. ఎన్-648 మినహాయింపు వైద్య కారణాలకే, చదువు రాకపోవడం దానికి కారణం కాదు. తల్లి గ్రీన్‌కార్డుతోనే ఉండిపోవచ్చు, భారత పౌరసత్వం అలాగే ఉంటుంది, అందులో నష్టమేమీ లేదు.

చెల్లెలి సంగతి

ఇక్కడ కుటుంబం పెద్ద పొరపాటు చేయబోయి ఆగింది. అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డు వచ్చాక ఆమెకు వాళ్లు పిటిషన్ వేస్తారు, అప్పటిదాకా పెళ్లి ఆపుదాం అనుకున్నారు. గ్రీన్‌కార్డుదారులు 21 దాటిన పెళ్లికాని కూతురికి వేసే ఎఫ్2బీలో 2025 నాటికి సుమారు తొమ్మిదేళ్ల వెనకబాటు ఉంది. ఈలోగా పెళ్లయితే పిటిషన్ దానంతట అదే రద్దవుతుంది, ఎందుకంటే గ్రీన్‌కార్డుదారులు పెళ్లైన పిల్లలకు పిటిషన్ వేసే కోవే చట్టంలో లేదు. 26 ఏళ్ల అమ్మాయి పెళ్లిని అలాంటి వరుసకు కట్టేయడం ఆమెకు అన్యాయమని సూటిగా చెప్పాం.

దానికి బదులు అన్న వెంటనే ఎఫ్4, అంటే తోబుట్టువుల కోవలో పిటిషన్, వేశాడు. తోబుట్టువుల కోవకు పెళ్లితో సంబంధం లేదు, భర్త, 21 లోపు పిల్లలు కూడా అందులోనే వస్తారు. వరుస మాత్రం చాలా పొడుగు: 2025 బులెటిన్లలో భారతీయులకు 2006లో వేసినవి నడుస్తున్నాయి. కాబట్టి దీన్ని ఆశగా కాదు, దాచిపెట్టిన టోకెన్‌గా చూడాలి. ఐ-797 రసీదు కాపీ ఆమె దగ్గర కూడా ఉండాలి. అన్న ఇల్లు మారిన ప్రతిసారీ చిరునామా మార్పు తెలపాలి. ఇద్దరి బర్త్ సర్టిఫికెట్లలో తల్లిదండ్రుల పేర్లు ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోవాలి. పెళ్లయిన నెలలోనే రిజిస్టర్ చేయించుకోవాలి. రేపు ఆమె స్టూడెంట్ వీసాకో విజిటర్ వీసాకో డీఎస్-160 నింపితే, మీ కోసం ఎవరైనా ఇమిగ్రెంట్ పిటిషన్ వేశారా అన్న ప్రశ్నకు ‘అవును’ అనే రాయాలి. ఏజెంటు ‘కాదు’ అని పెట్టమన్నా సరే.